సద్దిమూటతో గండికోటకు వచ్చేవాళ్ల తరఫున

గండికోట అభివృద్ధి పనులు చూస్తున్న అధికారులకు,

నమస్కారం.

నేను ప్రొద్దుటూరు దగ్గర ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో సోషల్ టీచర్‌ను. చలికాలం రాగానే మా తొమ్మిది, పదో తరగతి పిల్లలను గండికోటకు తీసుకుపోతుంటాం. పొద్దున బయల్దేరి చీకటి పడేలోపు ఇల్లు చేరే ప్రయాణం. కడప, అనంతపురం, నంద్యాల జిల్లాల్లోని బళ్లు, కుటుంబాలు, ఆదివారం సెలవు దొరికిన కూలీలు, కొత్తగా పెళ్లయిన జంటలు కూడా అట్లే వస్తారు. రాత్రికి అక్కడ ఉండరు. టెంట్ అద్దెకు తీసుకోరు. చిత్రాన్నం, పెరుగన్నం కట్టుకొని వస్తారు, తిని పోతారు. ఈ లేఖ వాళ్ల తరఫున రాస్తున్నాను.

2024 నవంబరులో కేంద్రం గండికోటకు 77.91 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. మూలధన పెట్టుబడి కోసం రాష్ట్రాలకు ఇచ్చే ప్రత్యేక సాయం కింద వచ్చిన డబ్బు అది. వడ్డీ లేదు గానీ ఊరికే ఇచ్చింది కూడా కాదు, 50 ఏళ్ల రుణం. మా బడిలో ఈరోజు పద్నాలుగేళ్లున్న పిల్ల అరవై దాటేదాకా ఈ రాష్ట్రం లెక్కల్లో ఆ అప్పు ఉంటుంది. కాబట్టి ఆ డబ్బుతో ఆ పిల్లకు ఏమి చేస్తున్నారని అడగడం మాకు తప్పనిపించడం లేదు.

నేను అడిగేది ఒక్కటే. సామాన్య కుటుంబం పొద్దున తొమ్మిదికి వచ్చి సాయంత్రం ఐదు దాకా కోటలో హాయిగా గడిపి, కోట గురించి నాలుగు సంగతులు తెలుసుకొని ఇంటికి పోయేటట్టు చేయండి. ముందు అది చేసి, మిగిలిన హంగులన్నీ తర్వాత పెట్టండి.

ఇప్పుడు ఆ కుటుంబానికి ఆ రోజు ఎట్లా గడుస్తోందో చెప్తాను. జమ్మలమడుగు నుంచి కోటకు 15 కిలోమీటర్లు. సొంత కారు లేనివాళ్లకు ఆటోనో, నలుగురు కలిసి మాట్లాడుకున్న టెంపోనో దిక్కు. పదిన్నర, పదకొండుకు చేరతారు. దర్వాజా దాటి, ఊరి మధ్య నుంచి నేరుగా లోయ అంచుకు నడుస్తారు. ఫోన్లో, టీవీలో చూసింది ఆ లోయనే కాబట్టి కాళ్లు అటే లాగుతాయి. ఎర్రటి రాతి గోడల మధ్య, ఎంతో లోతున పెన్న నీళ్లు కనిపించగానే ఎవరికైనా మాట ఆగిపోతుంది. ఫోటోలు తీసుకుంటారు. అరగంట గడుస్తుంది. అప్పటికి ఎండ నెత్తిన ఉంటుంది, తెచ్చుకున్న సీసాల్లో నీళ్లు అడుగంటుతాయి, చిన్నపిల్లలు ఏడుపు మొదలుపెడతారు, ఆడవాళ్లు బాత్రూం ఎక్కడుందో అడగలేక ఇబ్బంది పడుతుంటారు. ఎక్కడో ఒక చెట్టు నీడ వెతుక్కొని సద్దిమూట విప్పుతారు. ఒంటిగంట దాటేసరికి బండెక్కి బెలుం గుహలకో, ఇంటికో బయల్దేరతారు. మాధవరాయస్వామి గుడి లోపలికి పోయినవాళ్లు కొందరు. రంగనాథస్వామి గుడి చూసినవాళ్లు ఇంకా తక్కువ. రాయలచెరువు పేరు కూడా వినకుండా తిరిగిపోయేవాళ్లే ఎక్కువ.

లోయ చూడటానికి అరగంట చాలు. కోటను చూడాలంటే మాత్రం రోజంతా కావాలి. దాని చుట్టుగోడే సుమారు 8 కిలోమీటర్లు ఉంది. ఉత్తరం వైపు పెన్న గండి సహజంగా పెట్టిన కందకం. మిగిలిన వైపుల మనుషులు రాయి మీద రాయి పేర్చి గోడ కట్టారు, బురుజులు లేపారు. దర్వాజా తలుపులకు ఇనుప రేకులు, మేకులు కొట్టి ఉన్నాయి. ఏనుగు వచ్చి తలతో గుద్దకుండా ఆ మేకులు. దర్వాజా దాటినాక దారి తిన్నగా పోదు, మలుపు తిరుగుతుంది. పరుగున వచ్చిన గుర్రం, ఏనుగు ఆ మలుపులో ఆగాలి, ఆగినప్పుడు పైనుంచి దెబ్బ తగలాలి. ఈ సంగతి ఆ మలుపులోనే నిలబెట్టి చెప్తే మా పిల్లలు వెంటనే తలెత్తి గోడ పైకి చూస్తారు, సైనికులు ఎక్కడ దాక్కునేవాళ్లో వెతుకుతారు. పుస్తకంలో 'దుర్గ నిర్మాణం' అని రాసిన పేరా ఎన్నిసార్లు చదివించినా పిల్లలు అట్లా తలెత్తి చూడరు.

కొంచెం ముందుకు పోతే నాలుగు వైపులా తెరుచుకున్న చిన్న కట్టడం ఉంటుంది, చార్మినార్ అంటారు. దాని తర్వాత జైలు. ఆ పక్కన గోల్కొండ ఏలుబడిని గుర్తుచేసే జామియా మసీదు, దాని దగ్గరే మందమైన గోడలు, వంపు కప్పుతో పెద్ద ధాన్యాగారం. ముట్టడి వచ్చినప్పుడు లోపలివాళ్లు ఎన్ని నెలలు తట్టుకోగలరన్నది ఈ గోడల మధ్య ఎన్ని బస్తాలున్నాయో, రాయలచెరువులో ఎన్ని నీళ్లున్నాయో అన్నదాన్ని బట్టే తేలేది. కత్తుల కోనేరు గురించి ఊళ్లో ఒక కథ ఉంది. యుద్ధం చేసి వచ్చినవాళ్లు అందులో కత్తులు కడిగారని, అందుకే నీళ్లు ఎర్రబడ్డాయని. కథను కథగానే చెప్పినా పిల్లలకు చాలా ఇష్టం. మాధవరాయస్వామి గుడి గోపురం దూరం నుంచే కనిపిస్తుంది. దాని స్తంభాల మీద చెక్కిన బొమ్మలను ఒక్కొక్కటిగా చూస్తూ పోతే మధ్యాహ్నం ఎట్లా గడిచిందో తెలియదు.

ఈ కోటను తరతరాలుగా ఏలినవాళ్లు పెమ్మసాని నాయకులు, విజయనగర రాజుల సామంతులు. కృష్ణదేవరాయల సేనలో పేరు మోసిన పెమ్మసాని రామలింగనాయుడు ఈ వంశం మనిషే. పెన్న వెంబడి ఎగువకు పోతే వచ్చే తాడిపత్రిలో బుగ్గ రామలింగేశ్వరాలయం, చింతల వేంకటరమణస్వామి ఆలయం కట్టించింది కూడా వీళ్లే. తాడిపత్రి గుళ్లో శిల్పం చూసి నోరు తెరిచిన మనిషికి, ఆ గుడి కట్టించినవాళ్ల కోట కొద్ది దూరంలోనే ఉందని చెప్పేవాళ్లు లేరు. ఇక్కడ కోట చూసినవాళ్లకు తాడిపత్రి సంగతీ అంతే.

పదిహేడో శతాబ్దం మధ్యలో గోల్కొండ తరఫున మీర్ జుమ్లా ఈ కోటను పట్టుకున్నాడు. పర్షియా నుంచి వచ్చిన వజ్రాల వ్యాపారి, గోల్కొండ సుల్తాను దగ్గర పెద్ద పదవికి ఎదిగినవాడు, తర్వాత ఔరంగజేబు సేనాపతి అయినవాడు. 1652లో ఫ్రాన్స్ నుంచి తవెర్నియె అనే నగల వ్యాపారి అతన్ని కలవడానికి గండికోటకే వచ్చాడు. కొండను తొలిచి చేసిన ఇరుకు దారి, పక్కనే భయంకరమైన లోయ, అడుగున పెద్ద నది అని రాసిపెట్టాడు. మీర్ జుమ్లా కొలువులో తను చూసింది కూడా రాశాడు. నవాబు చెప్పుల్లేని కాళ్లతో కూర్చుని, వచ్చిన ఉత్తరాలను కాలివేళ్ల మధ్య, ఎడమచేతి వేళ్ల మధ్య ఇరికించుకొని, ఒక్కొక్కటి తీసి చదివిస్తూ జవాబులు చెప్పేవాడట. మా పిల్లలకు ఈ మాట చెప్పినప్పుడు ఒక పిల్లోడు అక్కడే చెప్పులు విప్పి కాలివేళ్ల మధ్య నోట్‌బుక్ కాగితం పెట్టుకొని చూపించాడు. మూడొందల డెబ్బై ఏళ్ల కిందటి మనిషి వాడికి ఆ నిమిషంలో పరిచయమైపోయాడు.

ఇంకొకటి. ఫిరంగులు పోతపోయడానికి మీర్ జుమ్లా ఒక ఫ్రెంచివాడిని పెట్టుకున్నాడు. గుళ్లలో రాగి విగ్రహాలను తెప్పించి కరిగించారు. గండికోట గుడి నుంచి తెచ్చిన ఆరు విగ్రహాలు మాత్రం ఎంత మంట పెట్టినా కరగలేదని తవెర్నియె రాశాడు. ఎందుకు కరగలేదో ఎవరికి తోచింది వాళ్లు అనుకోవచ్చు. ఇంత కథ నడిచిన చోట, గుడి ముందు నిలబడ్డ యాత్రికుడికి అందులో ఒక్క ముక్క కూడా అందడం లేదన్నదే నా బాధ.

ఆ తర్వాత కోట మొఘలులకు, కడప నవాబులకు, మైసూరువాళ్లకు చేతులు మారి, 1791లో టిప్పుతో యుద్ధం జరుగుతున్నప్పుడు ఇంగ్లిషువాళ్ల వశమైంది. 1800లో నిజాం వదులుకున్న దత్త మండలాలతో పాటు పూర్తిగా ఈస్టిండియా కంపెనీ కిందికి పోయింది.

కాబట్టి మొదట బోర్డులు కావాలి. పేరు, శతాబ్దం, హెచ్చరిక రాసిన బోర్డులు కావు. ప్రతి చోటా నిలబడి రెండు నిమిషాల్లో చదవగలిగినంత కథ, పెద్ద అక్షరాల తెలుగులో ముందు, ఇంగ్లిషు, కన్నడ, హిందీ తర్వాత. దర్వాజా మలుపు దగ్గర ఆ మలుపు ఎందుకో. ధాన్యాగారం దగ్గర ముట్టడి అంటే ఏమిటో. గుడి దగ్గర కరగని విగ్రహాల సంగతి. లోయ అంచున ఆ రాయి గురించి. దాన్ని గ్రానైట్ అని రాసేవాళ్లున్నారు. అది క్వార్ట్జైట్. ఒకప్పటి సముద్రపు ఇసుక పొరలు పొరలుగా పేరుకొని, బిగుసుకొని, వంద కోట్ల ఏళ్లకు పైబడి నిలిచిన రాయి. భూగర్భ శాస్త్రవేత్తలు దానికి పెట్టిన పేరే గండికోట క్వార్ట్జైట్. మన ఊరి పేరు పెట్టుకున్న రాయి మీద నిలబడి ఉన్నామని మా పిల్లలకు తెలిస్తే ఎంత సంబరపడతారో చూసినవాడిని నేను.

ఆ రాతలకు సరుకు కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. కంపెనీ కాలంలో మెకంజీ అనే ఇంగ్లిషు అధికారి రాయించిన కడప జిల్లా కైఫియతులు, అంటే ఊళ్ల చరిత్రల రాతలను, కడపలోనే సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం అచ్చువేసింది. శాసనాలు చదివినవాళ్లు, స్థానిక చరిత్ర తవ్వుతున్నవాళ్లు జిల్లాలోనే ఉన్నారు. కన్సల్టెన్సీకి అప్పజెప్పి, ఇంగ్లిషులో రాయించి, దాన్ని మిషన్‌తో తెలుగులోకి తిప్పి పెట్టిన బోర్డు మాత్రం వద్దు. రాసినదాన్ని అచ్చుకు ముందు ఎనిమిదో తరగతి పిల్లతో చదివించండి. ఆమెకు అర్థం కాకపోతే మళ్లీ రాయించండి.

రెండోది మనుషులు. గండికోట లోపల ఇప్పటికీ ఊరుంది. ఇళ్లున్నాయి, పశువులున్నాయి, పిల్లలు ఆ గోడల మధ్యే ఆడుకుంటారు. ఈ కోట కేంద్ర రక్షణలో ఉన్న కట్టడం. 1958 చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం ఇటువంటి కట్టడాలకు 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషేధం, ఆపైన మరో 200 మీటర్ల దాకా అనుమతి ఉండాల్సిందే. ఆ నిబంధన లేకపోతే పాత గోడల మీద కొత్త మేడలు లేచేవి, అందుకని నేను దాన్ని తప్పుపట్టను. కానీ ఆ చట్టం బరువు రోజూ మోసేది కోటలో పుట్టినవాళ్లు. గది పెంచుకోవాలన్నా, కూలిన గోడ తిరిగి కట్టుకోవాలన్నా వాళ్లకు టెన్షనే. అదే కోటను చూడటానికి జనం వచ్చినప్పుడు ఆ ఇళ్లలోకి నాలుగు రూపాయలు చేరకపోతే అన్యాయం కదా.

హంపిలో గుర్తింపు కార్డున్న గైడ్లున్నారు. విఠలాలయం దగ్గర బ్యాటరీ బండ్లను అక్కడి ఆడపిల్లలే నడుపుతున్నారు. ఇక్కడ కూడా ఊరి యువతకు, చుట్టుపక్కల డిగ్రీ చదివి ఊరికే కూర్చున్న పిల్లలకు శిక్షణ ఇచ్చి కార్డులివ్వండి. గంటకు ఇంత, అరపూటకు ఇంత అని ధర దర్వాజా దగ్గరే రాసిపెట్టండి. బేరం ఆడే అవసరం లేకపోతే కుటుంబాలు ధైర్యంగా గైడును పిలుస్తాయి. ప్రభుత్వ బడి పిల్లలు వచ్చిన రోజు గైడు డబ్బు మీరే కట్టండి, పెద్ద ఖర్చు కాదు. నడవలేని ముసలివాళ్లకు దర్వాజా నుంచి గుడి దాకా బ్యాటరీ బండి ఉంటే చాలు. మా ఊళ్లో ఒక పెద్దమ్మ "నన్ను యాడికి తీసుకపోతావు నాయనా, ఆడ అంత దూరం నేను నడ్సలేను, మీరు పోయిరాండి" అని ఇంటి దగ్గరే ఉండిపోయింది. ఇట్లా ఉండిపోయినవాళ్లు ప్రతి ఊళ్లో ఉంటారు.

నీళ్లు, నీడ, మరుగుదొడ్డి గురించి రాయాలంటే నాకు కష్టంగా ఉంది, ఎందుకంటే ఇవి అడగాల్సిన విషయాలే కావు. అయినా రాస్తున్నా. మార్చి నుంచే మా సీమ ఎండ ఎట్లుంటుందో మీకు తెలుసు. మే నెలలో 42, 43 డిగ్రీలు మాకు మామూలే. చలికాలంలో కూడా మధ్యాహ్నం ఆ బండల మీద కాళ్లు కాలతాయి. దర్వాజా దగ్గర ఒకటి, ఊరి మధ్యలో ఒకటి, గుడి దగ్గర ఒకటి, కట్టడాలకు దూరంగా, చూపుకు అడ్డం రాకుండా తాగునీటి కుళాయిలు పెట్టండి. ఆడవాళ్ల మరుగుదొడ్డిలో నీళ్లుండాలి, లోపలి నుంచి గొళ్లెం పడాలి, శానిటరీ ప్యాడ్ పారేయడానికి డబ్బా ఉండాలి. శుభ్రం చేసే మనిషికి ప్రతి నెలా జీతం అందాలి. కట్టించడానికి ఒకసారి డబ్బు దొరుకుతుంది, నడిపించడానికి దొరకదు, మన దగ్గర ఎన్నో మంచి పనులు చెడిపోయింది అక్కడే. మా బడి నుంచి పిల్లలను తీసుకువచ్చేటప్పుడు కొందరు ఆడపిల్లల తల్లులు నన్ను అడిగే మొదటి ప్రశ్న "సార్, ఆడ బాత్రూం ఉందా?" అని. చెప్పలేకపోతే ఆ పిల్ల రాదు. ఒక ఆడపిల్ల చరిత్ర పాఠం అట్లా ఆగిపోకూడదు.

చెట్లు కూడా నాటించండి. విదేశీ అలంకారపు మొక్కలు వద్దు, వేప, రావి, కానుగ చాలు. వాటి కింద నేల మీద కూర్చుని తినడానికి వీలుంటే సద్దిమూట తెచ్చుకున్నవాళ్లు గుడి మండపంలో అన్నం పెట్టుకోరు. ఎంగిలాకులు కోనేట్లోకి పోవు.

బస్సు సంగతి. నంద్యాల, ఎర్రగుంట్ల రైలు మార్గం వచ్చాక జమ్మలమడుగుకు స్టేషన్ ఉంది. అక్కడ దిగినవాళ్లకు కోట దాకా, కోట నుంచి తిరిగి సాయంత్రం దాకా నమ్మకమైన బస్సు కావాలి. శని, ఆదివారాల్లో, పండుగ సెలవుల్లో, ప్రొద్దుటూరు నుంచి పొద్దున ఎనిమిదికి బయల్దేరి సాయంత్రం ఐదున్నరకు కోట నుంచి తిరిగొచ్చే ఒక బస్సు ఉంటే మా ప్రాంతంలో ఎంతమంది వస్తారో చూడండి. ఇప్పుడు చీకటి పడుతుంటే ఆటో దొరకదేమో అన్న భయంతోనే జనం మధ్యాహ్నానికే వెనక్కి తిరుగుతున్నారు. సాయంత్రపు ఎండలో ఆ లోయ రాళ్లు ఎంత ఎర్రగా మెరుస్తాయో, అది చూసే భాగ్యం సొంత బండి ఉన్నవాళ్లకే దక్కుతోంది.

ఇక లోయ అంచు. దీని గురించి నిద్ర పట్టనంత భయం నాకుంది. పిల్లలతో పోయిన ప్రతిసారీ మేము టీచర్లం ముందు వరుసలో చేతులు చాపి నిలబడతాం. అయినా పక్క నుంచి ఎవరో యువకులు బండ మీది నుంచి బండ మీదికి దూకుతుంటారు, కాళ్లు కిందికి వేలాడేసి సెల్ఫీలు దిగుతుంటారు. అది చూసి మా పిల్లలకూ ఉబలాటం పుడుతుంది. లోయ పొడవునా ఇనుప కంచె వేయమని నేను అడగను, అట్లా వేస్తే ఆ అందం మిగలదు. ఒకటి రెండు చోట్ల గట్టి రెయిలింగుతో చూసే చోటు ఏర్పాటు చేయండి. మిగతా అంచు మీద పోకూడని గీత స్పష్టంగా చూపించండి. సెలవు రోజుల్లో విజిల్ పట్టుకొని, ఊరి మనిషే అయి ఉండి, పేరు పెట్టి మందలించగలిగిన కాపలావాళ్లను పెట్టండి. వాన పడిన రోజు బండలు జారుతాయి, ఆ రోజు అంచును పూర్తిగా మూసేయండి. ప్రథమ చికిత్స పెట్టె, స్ట్రెచర్, జమ్మలమడుగు ఆసుపత్రికి పోయే అంబులెన్సు సెలవు రోజుల్లో కోటలోనే ఉండాలి.

ఆ అంచున నిలబడి చూసే నీళ్ల గురించి కూడా ఒక బోర్డు కావాలని నా కోరిక. దీనికి మీలో కొందరు ఇబ్బంది పడతారేమో. నందికొండల్లో పుట్టి నెల్లూరు జిల్లాలో సముద్రంలో కలిసే పెన్న చాలా కాలం ఎండిపోయే నది. ఇక్కడ ఎగువన గండికోట జలాశయం, దిగువన మైలవరం జలాశయం ఉన్నాయి. గాలేరు నగరి సుజల స్రవంతిలో భాగమైన గండికోట జలాశయం సామర్థ్యం 26.85 టీఎంసీలు. శ్రీశైలం వెనుక జలాల నుంచి పోతిరెడ్డిపాడు, గోరకల్లు, అవుకు మీదుగా కృష్ణ నీళ్లు ఇక్కడికి చేరతాయి. పెన్న గండిలో కృష్ణమ్మ నీళ్లు. సీమ రైతుకు ఆ మాట విలువ తెలుసు. ఆ నీళ్లు నిలబడటానికి తాళ్లప్రొద్దుటూరు, కొండాపురం వంటి ఊళ్లు ఇళ్లు వదిలి పోవాల్సి వచ్చింది. 2020లో నీటిమట్టం పెంచినప్పుడు తాళ్లప్రొద్దుటూరు జనం పడ్డ వేదన జిల్లా అంతా చూసింది. వాళ్ల పేర్లు, ఊళ్ల పేర్లు ఒక చోట రాసి పెడితే నీళ్లను చూడటానికి వచ్చినవాడు ఎవరికి దండం పెట్టాలో తెలుసుకుంటాడు. తరలిపోయినవాళ్ల పిల్లలు కూడా మా బళ్లలో చదువుతున్నారు. కోటకు వచ్చినప్పుడు వాళ్లు చూసేది అందరూ చూసే నీళ్లే అయినా, వాళ్లకు కనిపించేది వేరే.

పెద్ద హోటళ్లు, టెంట్ సిటీ, అద్దాల వంతెనలు, తాళ్ల మీద జారే ఆటలు, రాత్రి లైట్ షోలు. ఇవేవీ వద్దని నేను అనను. దూరం నుంచి వచ్చినవాళ్లకు మంచి బస కావాలి, వాళ్లు ఖర్చుపెడితే జమ్మలమడుగులో వ్యాపారం పెరుగుతుంది, మా పూర్వ విద్యార్థులకే అందులో ఉద్యోగాలు రావచ్చు. ఉత్సవాలు జరిగినప్పుడు కోట కళకళలాడటం మాకూ ఇష్టమే. నా అభ్యంతరం వరుస గురించే. లైటు షోలో రాత్రి చెప్పే కథ పగలు ఉచితంగా బోర్డు మీద ఉండాలి. టికెట్ కొన్నవాడికి దొరికే మరుగుదొడ్డి టికెట్ కొననివాడికీ దొరకాలి. హోటల్ గేటు దాకా రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఊరి చివరి ఇంటి ముందు మురుగు కాలువ కూడా బాగుపడాలి. ఏ కొత్త కట్టడమైనా లోయలోకి చూసే చూపుకు అడ్డంగా లేవకూడదు. ఒకసారి లేచిన కాంక్రీటును తీయడం ఎవరి వల్లా కాదు.

పనిలో పనిగా పాత గోడలను కూడా మరమ్మతు చేయించండి. ధాన్యాగారం గోడల మీద, గుడి స్తంభాల మీద ప్రేమికుల పేర్లు, తేదీలు గీకి ఉన్నాయి. ఇందులో మీ తప్పు కంటే మా జనం తప్పే ఎక్కువ, మా బడిలో దీని మీద ప్రతి ట్రిప్పుకు ముందు ఒక క్లాసు పెడుతున్నాం. కాపలా మనిషి కనిపిస్తే ఆ చేతులు ఆగుతాయి. మరమ్మతు సిమెంటు పూతతో కాకుండా సున్నంతో, పాత పద్ధతి తెలిసిన మేస్త్రీలతో జరగాలి. సిమెంటు పూసిన రాయి మళ్లీ రాయిగా కనిపించదు.

ఒక్క గండికోటతో ఆపొద్దని కూడా మనవి. పెన్న వెంట తాడిపత్రి గుళ్లు, గండికోట, పుష్పగిరి, సిద్ధవటం కోట. ఒకే నది ఒడ్డున ఇన్ని ఉన్నాయి. సిద్ధవటం కోట నేరుగా పెన్న ఒడ్డునే ఉంది, ఒంటిమిట్ట రామాలయానికి పోయే దారికి దగ్గర. అయినా గండికోటలో లోయ చూసినవాళ్లలో పదిమందిలో ఒకరైనా సిద్ధవటం పోరు. ప్రతి చోటా మిగతా చోట్లకు దారి చూపించే పటం ఒకటి పెడితే చాలు, జనం వాళ్లే వస్తారు. బడుల విహారయాత్రలకు 'పెన్న ఒడ్డున' అని ఒక రోజు, రెండు రోజుల ప్రణాళిక తయారుచేసి విద్యాశాఖకు పంపండి. మేము ఇప్పుడు ఎవరికి తోచినట్టు వాళ్లం తిప్పుకుంటున్నాం.

పనుల పటాలు ఇంకా పూర్తిగా ఖాయం కాకముందే ఒక రోజు కోటలోనే కూర్చుందాం. కడపలో సమావేశ మందిరం వద్దు. మాధవరాయస్వామి గుడి దగ్గర, ఊరి పెద్దలు, ఆడవాళ్లు, ఆటో డ్రైవర్లు, మజ్జిగ, చెనిక్కాయలు అమ్మేవాళ్లు, టీచర్లు, కాపలా మనిషి అందరూ ఉండగా మీ పటం పరిచి చూపించండి. ఎక్కడ నీళ్లు పారతాయో, వానాకాలం ఎక్కడ జారుతుందో, మధ్యాహ్నం నీడ ఏ గోడకు పడుతుందో అక్కడివాళ్లకు తెలుసు. పటం గీసినవాళ్లకు అది తెలిసే వీలు లేదు. అదే పటం తెలుగులో పంచాయతీ ఆఫీసు గోడకు అంటించి, ఏ పనికి ఎంత, ఎప్పటికి పూర్తి అన్నది పక్కనే రాయండి.

మా పిల్లలు కోట నుంచి వచ్చాక ఒక్కొక్కరు అక్కడ అడగాలనుకొని అడగలేకపోయిన ప్రశ్నలను కాగితం మీద రాస్తారు. "కోటలో పిల్లలు ఎక్కడ చదువుకునేవాళ్లు?", "ముట్టడి అయిపోయాక చనిపోయినవాళ్లను ఎవరు తీసేవాళ్లు?", "ఇంత పెద్ద రాళ్లు పైకి ఎట్లా తెచ్చినారు, వాళ్లకు కూలి ఎంత ఇచ్చినారు?" ఇట్లాంటివి. కొన్నింటికి నా దగ్గర జవాబుల్లేవు. బోర్డుల మీద ఏమి రాయాలో తేల్చుకునేటప్పుడు పనికొస్తాయనిపిస్తే చెప్పండి, ఆ కాగితాల కట్ట మొత్తం తెచ్చి మీకు ఇస్తాను.

ఇట్లు,
ప్రొద్దుటూరు ప్రాంతపు ఒక సోషల్ టీచర్